అందరి ఊపిరీ ఇరవయ్యే

ఉదయం ఆరున్నరకు మా చెల్లెలు హాస్టల్ స్నానాలగది తలుపు వేసుకుని వాంతి చేసుకునేది. తర్వాత నోరు కడుక్కుని, తెల్ల యూనిఫామ్ సవరించుకుని, ఏడయ్యేసరికి ఎముకల వార్డులో నిలబడేది. నర్సింగ్ రెండో సంవత్సరం మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఫోన్‌లో అంతా బాగుందనేది. నమ్మడం మాకూ సుఖంగానే ఉండేది.

ఆ వార్డులో ఇరవై నాలుగు మంచాలు. ఎనిమిదింటికి డాక్టరు రౌండుకు వస్తాడు. ఆలోపు ఇద్దరు విద్యార్థినులు చెరి పన్నెండు మందికీ జ్వరం, నాడి, బీపీ, ఊపిరి చూసి చార్టులో ఎక్కించాలి. అన్నిటిలోకీ ఊపిరితోనే తంటా. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి చూడడం అయిపోయాక కూడా చెయ్యి వదలకూడదు. నాడే చూస్తున్నట్టు నటిస్తూ, కంటి కొసతో ఛాతీని నిమిషం పాటు గమనించాలి. పాఠంలో అలాగే ఉంది. మా చెల్లెలు పాఠంలో ఉన్నట్టే చేసింది. వార్డులో అది నేరమైంది.

వార్డులో మూడో రోజు రౌండు వచ్చేసరికి ఆమెకు ఇంకా నాలుగు మంచాలు మిగిలి ఉన్నాయి. ట్యూటర్ మేడమ్ రోగుల ముందే, డాక్టరు ముందే అందుకుంది.

"ఏం తల్లీ, ఊపిరి లెక్కపెడుతున్నావా, ఒక్కొక్కడికీ కొత్తగా పోస్తున్నావా?"

డాక్టరు నవ్వాడు. డాక్టరు నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు. మధ్యాహ్నానికి హెచ్చరిక కాగితం చేతికొచ్చింది. ఇంకొకటి పడితే బ్యాచ్ నుంచి ఆరు నెలలు వెనక్కి. ఆ రోజు నుంచి స్టెతస్కోపు చెవిలో పెట్టుకుంటే రోగి చప్పుడు కాక తన గుండె చప్పుడే వినపడేదట.

వార్డులో మిగతా పన్నెండు మంచాలు చూసే, హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే అమ్మాయిని అందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు. పన్నెండు మంచాలు పాతిక నిమిషాల్లో ముగించే మనిషి. మా చెల్లెలి అవస్థ చూడలేక ఆమే ఉపాయం చెప్పింది.

"ఒసేయ్ పిచ్చిదానా, ఊపిరి ఎవరైనా లెక్కపెడతారా? మనిషి నీతో మాట్లాడాడా, ఇరవై. పడుకున్నాడా, పద్దెనిమిది. రాసెయ్, పక్క మంచానికి పో."

"మేడమ్ పట్టుకుంటే?"

"మేడమ్‌కి కావలసింది ఎనిమిదింటికి నిండిన చార్టు. నిండిన చార్టుని ఎవరూ చదవరే."

మా చెల్లెలు నాలుగు రోజులు ఇరవై రాసింది. ఏడూ నలభై ఐదుకే పని అయిపోయేది. పొద్దుటి వాంతులు తగ్గాయి. ఆ వారంలోనే కాలేజీవాళ్లు ఒత్తిడిని జయించడం ఎలా అని ఒక నిపుణుడితో క్లాసు పెట్టించారు. కళ్లు మూసుకుని సముద్రాన్ని తలుచుకోమన్నాడాయన. అరవై మంది మూసుకున్నారు. సగం మంది నిజంగానే నిద్రపోయారు. ఆ పిల్లలకు అంతకన్నా మంచి వైద్యం లేదు. కానీ పది నిమిషాలకే లైట్లు వేసి హాజరు తీసుకున్నారు.

ఐదో రోజు ఏడో నంబరు మంచం దగ్గర సంగతి తేడా వచ్చింది. అక్కడ ఉన్నది ఒక తాపీమేస్త్రీ. పరంజా మీంచి పడి తొడ ఎముక విరిగింది. కాలికి బరువు వేలాడదీసి ఉంచారు. రోజూ చెయ్యి చాస్తూనే, "ఏం ఇంజనీరమ్మా, గోడ నిలుస్తుందా, పడగొట్టి మళ్లీ కట్టాలా?" అనేవాడు. ఆ పొద్దున ఏమీ అనలేదు. మా చెల్లెలు నాడి చూసింది, కాస్త ఎక్కువగా ఉంది. ఊపిరి గడిలో ఇరవై వేసి ముందుకు పోయింది.

తొమ్మిదో మంచం దగ్గర బీపీ పట్టీ చుడుతుండగా తట్టింది, మేస్త్రీ నోరు విప్పలేదని. పట్టీ అలాగే వదిలేసి వెనక్కి వచ్చింది. మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. ఛాతీతో పాటు భుజాలు కూడా లేస్తున్నాయి. నిమిషానికి ముప్పై ఆరు.

"బాబాయ్, ఆయాసంగా ఉందా?"

"నిన్నట్నుంచీ... కొంచెం ఉందమ్మా." మాట మాటకీ ఆగుతున్నాడు. "మీరు రోజూ చూసి... రాసుకుంటున్నారుగా. మళ్లీ చెప్పడమెందుకని..."

ఆమె పెద్ద సిస్టర్‌ను కేకేసింది. సిస్టర్ పరుగున వచ్చి ఆక్సిజన్ పెట్టి డాక్టరుకు ఫోన్ చేసింది. ఆ రెండు నిమిషాల్లో ఎక్స్‌ప్రెస్ మంచం వెనక నుంచి గుసగుసగా అంది:

"పాత గడి ముట్టుకోకు. కింద గడిలో ఇప్పటి టైం వేసి ముప్పై ఆరు రాయి. ఇప్పుడే పెరిగిందని చెప్పు."

"నిన్నట్నుంచంటున్నాడే."

"ఆయన వెయ్యి అంటాడు. నీ ఆరు నెలలు ఆయనిస్తాడా?"

డాక్టరు వచ్చి చార్టు తిరగేశాడు. "ఏడుంపావుకి ఇరవై. నిన్న ఇరవై, మొన్న ఇరవై. అంటే ఈ అరగంటలోనే మొదలైందన్నమాట. అంతేనా? ఎవరు చూశారిది?"

ట్యూటర్ మేడమ్ కూడా అప్పటికి తలుపు దగ్గరికి చేరింది. ఎక్స్‌ప్రెస్ మోచెయ్యి మా చెల్లెలి వీపులో పొడిచింది.

"లెక్కపెట్టలేదు సార్."

"ఏంటీ?"

"ఆ ఇరవై నేను లెక్కపెట్టి రాసింది కాదు. నిన్నటిదీ కాదు, మొన్నటిదీ కాదు. నిన్నట్నుంచే ఆయాసంగా ఉందంటున్నారు."

తిట్టడానికి డాక్టరుకు తీరిక లేదు. స్కాన్ గదికి ఫోన్ చేయమన్నాడు. మేస్త్రీని మంచంతో సహా తోసుకుపోయారు. వెనకే వెళ్లబోతూ ఆగి, పక్క మంచాల చార్టులు నాలుగు తీసి చూశాడు. రకరకాల చేతిరాతలు, అంతటా ఒకే ఇరవై. ట్యూటర్ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

గంట తర్వాత మేడమ్ తన గదిలో తెల్లకాగితం ముందుకు తోసింది. గొంతు చాలా మెత్తగా ఉంది.

"ఒంట్లో బాగోలేక పొరపాటు జరిగిందని రాయి. నీకూ మంచిది, కాలేజీకీ మంచిది. రెండో హెచ్చరిక రాకుండా నేను చూసుకుంటాను."

"ఒంట్లో బాగానే ఉంది మేడమ్."

"మరెందుకు రాశావు ఇరవై?"

"భయమేసి. ఎనిమిదింటికి అవ్వకపోతే మళ్లీ అందరి ముందూ అంటారని."

"భయమని రాస్తే ఎవరికి భయపడ్డావని అడుగుతారు పైవాళ్లు. ఆలోచించుకో."

మా చెల్లెలు పెన్ను తీసుకుంది. రౌండు లోపల పని తెమలదన్న భయంతో ఐదు రోజులు ఊపిరి లెక్కపెట్టకుండా రాశానని రాసింది. మిగతావాళ్ల సంగతి ఎత్తలేదు. మేడమ్ చదివి కాగితం వెనక్కి తోసింది. మా చెల్లెలు మళ్లీ ముందుకు తోసింది. చివరికి దాని కింద మేడమ్ సంతకం, రెండో హెచ్చరిక పడ్డాయి. ఆరు నెలలు.

బయట బెంచీ మీద కూర్చుని నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. తనను వార్డు దరిదాపులకు రానివ్వడం లేదని, మేస్త్రీ ఏమయ్యాడో కనుక్కోమని అడిగింది. ఊరి నుంచి బస్సెక్కి వెళ్లాను. ఐసీయూ తలుపు దగ్గర మేస్త్రీ భార్య నిలబడి ఉంది. ఊపిరితిత్తిలో రక్తం గడ్డ అడ్డం పడిందట. కరగడానికి మందు ఎక్కిస్తున్నారు. ఇప్పటికైతే ప్రమాదం తప్పిందన్నారని చెప్పింది.

అక్కడి నుంచే ఆ మాట ఫోన్‌లో చెప్పాను. మా చెల్లెలు వెక్కి వెక్కి ఏడ్చింది. మేస్త్రీ బతికినందుకో, ఆరు నెలలు పోయినందుకో నేను అడగలేదు.