సాక్ష్యంలో చెప్పని మాట

ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇక నా వల్ల కాదు. మా సంఘంలో నన్ను గొప్ప విశ్వాసురాలు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా చచ్చినంత పనవుతుంది. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. జాలిపడమని కాదు. వినండి, చాలు.

నా భర్త సువార్త పని మీద ఊళ్లు తిరిగేవారు. డెబ్బైలలో మాట. మొదట కరీంనగర్ వైపు తిరిగాం, తర్వాత ఆదిలాబాద్ అడవి ఊళ్లకు పంపారు. ఆయన ముందు వెళ్లి కూటాలకు ఏర్పాట్లు చేస్తే, వెనక నేను పిల్లలను వేసుకుని బస్సులో వెళ్లేదాన్ని. చంకలో పిల్లవాడు, చేతిలో ట్రంకుపెట్టె, కొంగు పట్టుకుని అయిదేళ్ల బిడ్డ. బస్టాండులో అరటిపండు తిన్నా సరే, కళ్లు మూసుకుని ప్రార్థన చేశాకే తినాలని నేర్పాను. ప్రార్థనలో అబద్ధం ఆడకూడదని కూడా నేర్పాను. నేనే నేర్పాను!

ఆ రోజు మంచిర్యాలలో బస్సెక్కాం. ఆసిఫాబాద్ దాటాక వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. నీళ్లు తీసేదాకా బండి కదలదన్నాడు డ్రైవరు. జనం దిగి దగ్గర్లోని ఊళ్లోకి బయల్దేరారు. పిల్లవాడి ఒళ్లు కాలిపోతోంది. వాన ఆగడం లేదు. అంతకుముందు ఇంకో ఊళ్లో ఇలాగే ఒక ఇంటి ముందు నిలబడి, క్రైస్తవులమని చెప్పాను. అంతే, ఏ వాడ వాళ్లమో వాళ్లకు అర్థమైపోయింది. మంచినీళ్లడిగితే నా బిడ్డను దోసిలి పట్టమని పైనుంచి పోశారు. వాకిట్లోకి రానివ్వలేదు. అది నేను మరిచిపోలేదు. ఇది సాకు కాదు. సాకేనేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

బస్సు దిగేముందు, పక్కన కూర్చున్నామెను తిలకం సీసా అడిగాను. నేను పెట్టుకున్నాను. బిడ్డకు పెట్టాను. మెళ్లో సిలువ తీసి ట్రంకులో బట్టల కింద దాచాను. ఎవరైనా అడిగితే నీ పేరు సరోజ అని చెప్పమన్నాను. తలూపింది.

ఒక పెంకుటింటి పెద్దావిడ మమ్మల్ని చూసి అరుగు దిగి వచ్చింది. "గింత వానల చంటిపోరన్ని ఎత్తుకొని ఏడికి పోతవ్ బిడ్డా? లోపలికి రా. ఫికర్ చెయ్యకు," అంది. పొడిబట్టలిచ్చింది. శొంఠి కాచి పిల్లవాడికి పట్టించింది. పొయ్యి దగ్గరే కూర్చోబెట్టి వేడి జొన్నరొట్టె, పప్పు పెట్టింది. పేరడిగితే బిడ్డ సరోజ అనే చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను.

రొట్టె మాత్రం ముట్టుకోలేదు. కళ్లు మూసుకుంది, చేతులు జోడించింది. "యేసయ్యా, గీ రొట్టె ఇచ్చినందుకు వందనాలు," అని మొదలుపెట్టింది, గట్టిగానే. తొడపాశం పెట్టాను. ఆపలేదు. ఆమెన్ అన్నాకే కళ్లు తెరిచింది.

"గీ పోరి ఏమంటున్నది బిడ్డా?" అని పెద్దావిడ నన్ను అడిగింది.

నేను నోరు తెరిచేలోపు బిడ్డే చెప్పింది. "మేం యేసయ్యోళ్లం అమ్మమ్మా. నా పేరు సరోజ కాదు."

పెద్దావిడ చేతిలో గరిటె ఆగింది. ఆ ముఖం ఎలా మారుతుందో చూసే ధైర్యం నాకు లేకపోయింది. బిడ్డ చెంప మీద ఒక్కటిచ్చాను.

"అబద్ధాలు నేర్చింది పెద్దమ్మా. పక్కింటోళ్లు అంటే విని గిట్లనే అంటది," అన్నాను. బిడ్డ వైపు తిరిగి, "అబద్ధమాడిన, తప్పయింది అని చెప్పు," అన్నాను.

"నేను ఆడలే అవ్వా," అంది నాతో.

"చెప్తవా, చెప్పవా?"

నా ముఖంలోకి చూసింది. "అబద్ధమాడిన," అంది. "తప్పయింది."

"పసిపిల్లను కొట్టకు బిడ్డా," అంటూ పెద్దావిడ దాని కళ్లు తుడిచింది. ఇంకో రొట్టె వేసింది. బిడ్డ తినలేదు.

నేను ఊరుకుని ఉంటే ఏమయ్యేది? వెళ్లగొట్టేదా? వెళ్లగొట్టకపోయేదేమో! అంత మంచి మనిషికి, తన మంచితనం చూపించుకునే వీలే లేకుండా చేశాను.

మర్నాడు నీళ్లు తీశాయి. కూటాలకు చేరాం. ఏం జరిగిందో సాక్ష్యం చెప్పమన్నారు ఆయన. లేచాను. వానలో చిక్కుకుంటే నా పసిబిడ్డ ప్రార్థన చేసిందని, ప్రభువు ఒక ఇంటి తలుపు తెరిచాడని, ప్రార్థనతోనే పిల్లవాడి జ్వరం తగ్గిందని చెప్పాను. అందరూ హల్లెలూయ అన్నారు. నా బిడ్డ ముందు వరసలో చాప మీద కూర్చుని అంతా వింది. ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా అదే సాక్ష్యం. సిగ్గులేనిదాన్ని, చెప్పే కొద్దీ ఇంకా బాగా చెప్పాను. ఆయన అదే నిజమని నమ్మి కన్నుమూశారు.

ఆ రోజు నుంచి నా బిడ్డ నోరు తెరిచి ప్రార్థన చేయలేదు. సండేస్కూల్లో లేపి నిలబెట్టినా పెదవి కదిపేది కాదు. సిగ్గరి అన్నారు అందరూ. నేనూ అవునన్నాను. ఇప్పుడు దానికీ ఒక కూతురుంది. కంచం ముందు ఆ పసిదానికి చేతులు జోడించడం నేర్పదు. నన్ను ఒక్కనాడూ ఏమీ అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేది! ప్రభువును ఎరుగనని బొంకిన శిష్యుడి గురించి గుడిలో చెప్పినప్పుడల్లా తల వంచుకుంటాను. అతను తనొక్కడే బొంకాడు. నేను పసిపిల్ల చేత బొంకించాను.

వచ్చే ఆదివారం స్త్రీల కూటంలో మళ్లీ ఆ సాక్ష్యమే చెప్పమన్నారు. బిడ్డ కూడా వస్తోంది. లేస్తాను. తిలకం సంగతి చెబుతాను, చెంపదెబ్బ సంగతి చెబుతాను, శొంఠి కాచిన ఆ పెద్దావిడ సంగతి చెబుతాను. నలుగురూ నా ముఖాన ఉమ్మినా సరే, ఆగను. క్షమించమని మాత్రం బిడ్డను అడగను. నలుగురిలో అడిగితే, నాకు కావలసిన మాటను మళ్లీ దాని నోటితో చెప్పించుకున్నట్టే అవుతుంది. ఒకసారి చెప్పించుకున్నది చాలు.

ఇదిగో, ముందు మీకు చెప్పేశాను. ఊపిరి ఆడుతోంది. ఆ రోజు నా బిడ్డ అబద్ధమాడలేదు. ఆడింది నేను.