కర్టెన్లు మెచ్చుకునే సూర్యప్రకాశరావు అంకుల్

సూర్యప్రకాశరావు అంకుల్‌కి పుట్టుకతోనే చూపు లేదు. అయినా ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలోని మా ఇంట్లో కాలు పెట్టగానే ఆయన చేసే మొదటి పని, కంటికి కనిపించేవాటన్నిటినీ మెచ్చుకోవడం.

"ఆహా, కర్టెన్లు మార్చావా విమలమ్మా? గదికే కళ వచ్చింది!"

అమ్మ పొంగిపోయేది. ఆ కర్టెన్లు ఇల్లు అమ్మినవాళ్లు వద్దనుకుని వదిలేసి వెళ్లినవి.

ఆయన పియానో ట్యూనర్, అంటే శ్రుతి తప్పిన పియానోల్ని సరిచేస్తారు. చిన్నప్పుడే రాజమండ్రి నుంచి వచ్చి, ఇక్కడి అంధుల కాలేజీలో ఆ పని నేర్చుకున్నారట. మా ఊళ్లో స్కూళ్లూ, చర్చీలూ, ఇళ్లూ అన్నీ ఆయనకి బస్సు నంబర్లతో సహా కొట్టినపిండి. నామీద పెద్ద ఆశలు పెట్టుకుని నాన్న కొన్న పాత పియానో ఒకటి మా ఇంట్లో ఉండేది. కొన్ని నెలలకోసారి అంకుల్ తెల్ల కర్రా, తోలు సంచీ పట్టుకుని దాని బాగోగులు చూడటానికి వచ్చేవారు.

ఆయన వచ్చి వెళ్లిన సాయంత్రం మా ఇంట్లో గొడవ ఖాయం.

"నా చీర బాగుందని ఆయనకి తెలిసింది. మీకు రెండు కళ్లూ, పైన కళ్లజోడూ! ఏం లాభం?" అనేది అమ్మ. కార్ల డిజైన్‌లో వెంట్రుకవాసి తేడా పట్టేసే మా నాన్న విద్యాసాగర్, ఫోన్ వెనక మొహం దాచుకునేవాడు.

ఒకసారి మా స్కూల్ హాల్లో పియానో సరిచేస్తూ, అడుగుల చప్పుడు విని, "లవ్లీ టై, సర్!" అన్నారు అంకుల్. హెడ్‌టీచర్ ఆ రోజు టై కట్టుకోలేదు. లంచ్ తర్వాత చూస్తే కట్టుకుని ఉన్నారు.

"బట్ అంకుల్, యూ కాన్ట్ ఈవెన్ సీ ఇట్!" అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

"అందుకే కదమ్మా అక్షరా, నాకు ఏదీ నచ్చకపోవడమంటూ ఉండదు."

నేను ఇయర్ సిక్స్‌లో, అంటే పదేళ్ల వయసులో ఉండగా, ఒక ఉదయం అమ్మ నిద్రలేచేసరికి ఆమె మొహం సగం కిందికి జారిపోయింది. బెల్స్ పాల్సీ, మొహంలో ఒక పక్క నరం చచ్చుబడిందన్నారు డాక్టర్లు. ప్రమాదమేమీ లేదు, నెమ్మదిగా అదే తగ్గుతుందన్నారు. ఆ నెమ్మది అమ్మకి లేదు. జీపీ సర్జరీలో, అంటే మా పేట డాక్టర్ క్లినిక్‌లో, రిసెప్షన్ ఉద్యోగానికి సెలవు పెట్టేసింది. హాల్లో అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. బెల్ మోగితే స్కార్ఫ్ కప్పుకుని మేడ మీదికి పరుగే. అంతకుముందు చూడటానికి వచ్చినవాళ్లు కొందరు "అయ్యయ్యో విమలా!" అన్నారు. మిగతావాళ్లు ఏమీ అనకుండా కార్పెట్ వంక చూశారు. రెండు రకాలకీ అమ్మ ఏడ్చింది. ఆ వారమే మా స్కూల్లో కచేరీ. నేను పియానో వాయించాలి.

"నువ్వూ నాన్నా వెళ్లండి. నేను రాను" అంది అమ్మ.

అప్పుడే అంకుల్ ఫోన్ చేశారు, ట్యూనింగ్‌కి వస్తున్నానని. నాన్న గొంతు తగ్గించి అంతా చెప్పి, "ఈసారికి అందం చందం ఊసెత్తకండి రావుగారూ" అని బతిమాలాడు.

"ఛ ఛ! నాకా మాత్రం తెలీదూ?" అన్నారాయన.

ఆయన వచ్చిన రోజు అమ్మ మేడెక్కలేదు. "ఆయనకేం కనిపిస్తుందిలే" అని స్కార్ఫ్ తీసి సోఫాలో కూర్చుంది. నాన్న హాయిగా టీ కప్పు ఎత్తాడు.

అంకుల్ సంచి కింద పెట్టి, అమ్మవైపు తిరిగారు. "విమలమ్మా! ఇవాళ ఎంత అందంగా ఉన్నావమ్మా!"

నాన్నకి పొలమారింది.

"దయచేసి ఆ మాట అనకండి రావుగారూ," అంది అమ్మ. "నా మూతి వంకరపోయింది. కుడి కన్ను మూతపడట్లేదు. నవ్వితే సగమే వస్తోంది."

అంకుల్ ముందుకు వంగారు. భృకుటి ముడిచి, చాలాసేపు పరీక్షగా చూసినట్టే చూశారు.

"ఏమోనమ్మా. నాకేం తేడా కనిపించట్లేదు."

అమ్మ పకపకా నవ్వింది. మొహంలో ఒక సగం విరగబడి నవ్వుతుంటే, రెండో సగం కౌన్సిల్ ఆఫీసరులా గంభీరంగా కూర్చుంది.

బస్టాప్ దాకా అంకుల్‌ని నేనే తీసుకెళ్లాను. "డాడ్ చెప్పొద్దన్నారు కదా అంకుల్, వై డిడ్ యూ సే ఇట్?"

"నేను ఏ ఇంటికెళ్లినా, తలుపు తీయగానే ఏమంటారో తెలుసా? 'ఇల్లంతా చిందరవందరగా ఉంది, ఏమనుకోకండి' అంటారు. ఎవరితో? నాతో! చూపులేనివాడి ముందు కూడా సిగ్గుపడతారమ్మా జనం. పాపమనిపించి, వాళ్లకంటే ముందే బాగుందనేస్తుంటాను." కర్రతో పేవ్‌మెంట్ అంచు తడిమి ఆగారు. "ఎప్పుడూ అనేవాణ్ని ఇవాళ అనకపోతే, నేనూ జాలిపడుతున్నానని మీ అమ్మకి తెలిసిపోదూ?"

కచేరీకి అమ్మ వచ్చింది. స్కార్ఫ్ లేకుండా, ముందు వరసలో కూర్చుంది. నేను మధ్యలో రెండు చోట్ల తప్పు వాయించి, మిగిలింది గబగబా ముగించాను. అందరికంటే గట్టిగా అమ్మే చప్పట్లు కొట్టింది. తర్వాత మా ముగ్గుర్నీ నిలబెట్టి, మా టీచర్ చేత ఫొటో తీయించింది.

అందులో నాది ఏడుపు మొహం. నాన్న కళ్లు మూసుకున్నాడు. ముగ్గురిలో బాగా పడింది అమ్మే.