మా వీధరుగు సెన్సారు

ఆ రోజుల్లో మా ఇంట్లో పిల్లలు సినిమాకి వెళ్ళాలంటే ఆ సినిమాకి రెండు సర్టిఫికెట్లు ఉండాలి. ఒకటి ఎక్కడో పట్నంలో పెద్దలు కూర్చుని ఇచ్చేది. రెండోది మా వీధరుగు మీద పడక్కుర్చీలో మా పెదనాన్నగారు కూర్చుని ఇచ్చేది. మొదటిది తెర మీద పడగానే హాల్లో జనం ఈలలు వేసేవారు. రెండోదాని కోసం మా ఇంటి పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని ఊపిరి బిగబట్టేవారు. పులుసు దింపే ముందు ఉప్పు సరిపోయిందో లేదో అరచేతిలో వేసుకుని చూస్తారే, అలా ప్రతి సినిమానీ ముందు ఇంట్లోంచి ఒకరు వెళ్ళి చూసి రావాలి. చూసొచ్చినవాడు సాయంత్రం కాఫీలయ్యాక అరుగు ముందు నిలబడి కథంతా చెప్పాలి. పెదనాన్నగారు కళ్ళు మూసుకుని విని చివర్లో మూడే మూడు ప్రశ్నలు అడిగేవారు. "ముద్దులున్నాయా? వాన పాటలున్నాయా? పెద్దవాళ్ళకి ఎదురు సమాధానాలున్నాయా?" మూడింటికీ లేదని వస్తేనే పిల్లలకి సినిమా.

పెదనాన్నగారి గురించి ఒక్క మాట చెప్పాలి. కొబ్బరికాయల వ్యాపారం, ఊళ్ళో తగువులు తీర్చే పెద్దరికం. అయినా జీవితంలో గొంతు పెంచి మాట్లాడి ఎరగరు. పడని మనిషినైనా సరే 'అండీ' లేకుండా పలకరించరు. మా గేదెని కూడా 'కాస్త జరగండి' అంటారని గిట్టనివాళ్ళు చెప్పుకునేవారు. (అబద్ధం. 'జరగమ్మా' అనేవారు.)

ఈ ముందు చూసే ఉద్యోగం మొదట మా చిన్న మావయ్యది. ఆయనకి హాల్లో పేర్లు పడేటప్పుడు నిద్ర పట్టి శుభం కార్డుకి మెలకువ వచ్చేది. ఒకసారి అలాగే నిద్రపోయొచ్చి 'భక్తి సినిమాలా ఉందండి' అని తీర్పు చెప్పేడు. మా మామ్మ, అంటే పెదనాన్నగారి తల్లి, ఆ సినిమాకి పిల్లల్ని వేసుకుని వెళ్ళి, ఇంటికి రాగానే తలస్నానం చేసింది. ఆ మర్నాడే మావయ్యకి ఉద్వాసన. అప్పటికి నేను అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను, అంటే మ్యాట్నీలకి వెళ్ళే దారిలో కాలేజీ తగిలితే ఆగుతున్నాను. "వీడెలాగూ చూసేస్తన్నాడు కదా, ఆ చూసేదేదో ఇంటికి పనికొచ్చేలా చూడనీరా" అని మామ్మ సిఫారసు చేసింది. నా జీవితంలో ఇంటర్వ్యూ లేకుండా వచ్చిన ఉద్యోగం అదొక్కటే.

నేను దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. పొడుగు పుస్తకం ఒకటి కొని గళ్ళు గీశాను. 'దృశ్యం', 'దోషం', 'తీర్పు'. ఊళ్ళో నన్ను 'సెన్సారు' అనడం మొదలుపెట్టారు. వెక్కిరింపే. నేను మాత్రం బిరుదులాగే స్వీకరించాను. సరిగ్గా అప్పుడే, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, కాలేజీ ప్రేమల సినిమాలు గోదారి వరదలా వచ్చి పడ్డాయి. ప్రతి సినిమాలోనూ ఒక కాలేజీ ఉంటుంది, అందులో క్లాసులు ఉండవు. (ఈ ఒక్క విషయంలో అవి నిజానికి చాలా దగ్గరగా ఉండేవి.) హీరోకి ముగ్గురు స్నేహితులు, వాళ్ళలో లావుపాటివాడు ఎప్పుడూ ఏదో తింటూ ఉంటాడు. లెక్చరర్లందరూ వెర్రివాళ్ళు. ఇంట్లో చిన్న పిల్లలిద్దరు నా తీర్పు మెత్తబడాలని మామ్మ డబ్బాలోంచి ఆత్రేయపురం పూతరేకులు తెచ్చి నాకు సమర్పించుకునేవారు. నేను పుచ్చుకునేవాణ్ణి కాదని రాసుకోవాలనే ఉంది, కానీ ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు, ఇది చదువుతారు.

ఏమీ ఇవ్వనిది బుజ్జి ఒక్కతే. మా బాబాయి కూతురు. బాబాయి ఉద్యోగం రాజమండ్రిలో కావడంతో బుజ్జి మంచీచెడ్డా పెదనాన్నగారివే. అప్పుడది పదో తరగతి. లెక్కల ట్యూషన్‌కి రోజూ అమలాపురం సైకిలు మీద వెళ్ళొచ్చేది. వంతెన మీంచి వెళ్తే పావుగంట దారి. అలాంటిది కొన్నాళ్ళుగా కాలవగట్టు వెంబడి చుట్టూ తిరిగి వెళ్తోంది, అరగంట పైన పడుతుంది. లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకునే పిల్ల దగ్గర దారి వదిలి దూరం దారి పట్టడం నాకు గొప్ప హాస్యంగా తోచింది. రోజూ వీధిలో నిలబడి, "తప్పుకోండహో! మహారాణీవారు కాలవ గాలి పీల్చడానికి బయల్దేరుతున్నారు!" అని చాటింపు వేసేవాణ్ణి. అది ఏమీ అనేది కాదు. నా జోకు బాగా పేలిందనుకునేవాణ్ణి.

క్వార్టర్లీలో ఆ తొంభై ఎనిమిది వచ్చినందుకు పెదనాన్నగారు, "నీకు నచ్చిన సినిమా ఒకటి చెప్పమ్మా" అని వరమిచ్చారు. బుజ్జి తన క్లాసులో అందరూ చూసేసిన ఒక కాలేజీ ప్రేమకథ పేరు చెప్పింది. వరం ఇచ్చినా పద్ధతి పద్ధతే కాబట్టి ముందు నేను వెళ్ళి చూసొచ్చాను. ఆ సాయంత్రం అరుగు ముందు నా ప్రదర్శన ఇప్పటికీ మా వీధిలో గుర్తున్నవాళ్ళున్నారు. కథ చెప్పడంతో ఊరుకోలేదు, చేసి చూపించాను. హీరోయిన్‌గా తువ్వాలు కప్పుకున్నాను, లెక్చరర్‌గా మామ్మ కళ్ళజోడు పెట్టుకున్నాను. హీరో సైకిలు మీద హీరోయిన్ వెంటపడడం, ఆ పిల్ల విసుక్కోవడం, వీడు సైకిలుతో సహా పేడకుప్పలో పడడం అంతా చేశాను. కిటికీ వెనక పిల్లలు నవ్వలేక చచ్చారు. (పిల్లలు చూడకూడనిది ఏమైనా ఉందేమో తేల్చడానికి పెట్టిన ఆ సభలో, పిల్లలందరికీ సినిమా మొత్తం చూపించేస్తున్నామన్న సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు.)

"ముద్దులున్నాయా?" అన్నారు పెదనాన్నగారు.

"లేవండి."

"ఎదురు సమాధానాలు?"

"లెక్చరర్లకే చెప్తారండి, ఇంట్లోవాళ్ళకి చెప్పరు."

"వాన పాట?"

"ఒకటి ఉందండి. రెండో సగంలో హీరోయిన్ గొడుగు గాలికి ఎగిరిపోతుందండి. ఎగిరిందంటే మొదలైపోతుందన్నమాట. గొడుగు ఎగరగానే నేను పిల్లల్ని సమోసాలకి బయటికి తీసుకుపోతానండి. పాటవగానే లోపలికి తెచ్చేస్తాను."

పెదనాన్నగారు కళ్ళు తెరిచి నన్ను మెచ్చుకోలుగా చూశారు. "మరి ఆ సైకిలు గొడవ?"

"అది ఉత్త హాస్యమండి. పసిపిల్లలు కూడా చూడొచ్చు" అన్నాను. పుస్తకంలో కూడా అదే రాశాను.

ఆదివారం మ్యాట్నీకి మామ్మ, బుజ్జి, చిన్న పిల్లలిద్దరు, నేను వెళ్ళాం. సైకిలు సీను రాగానే హాలంతా పగలబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. బుజ్జి నవ్వలేదు. లెక్కల మనిషి, హాస్యం అర్థం కావడానికి టైము పడుతుందిలే అనుకున్నాను. రెండో సగంలో గొడుగు ఎగిరింది. నేను సైన్యాధిపతిలా లేచి ముగ్గురినీ బయటికి తోలుకుపోయాను. మామ్మ మాత్రం 'నాకేం భయంరా' అని కుర్చీలోంచి కదల్లేదు. సమోసాలు తినిపించి, పాటకి పట్టే టైము లెక్కగట్టి లోపలికి తెచ్చేసరికి హాల్లో అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. వాన పాటకి ఏడుపెందుకు?

"ఏంట్రా నువ్వు!" అంది మామ్మ ముక్కు చీదుకుంటూ. "పాటా లేదు గీటా లేదు. తండ్రీ కూతురూ ఒక కంచంలో అన్నం తిన్నారంతే. అందులో అంత బూతేముందిరా?"

తర్వాత తెలిసింది, మూడో వారంలోకి వచ్చేసరికి ఆట తొందరగా వదలాలని హాలువాళ్ళు ఆ పాట కత్తిరించేశారట. మొత్తం సినిమాలో పిల్లలు చూడాల్సిన సీను ఒక్కటుంటే, ఆ ఒక్కదానికీ నేను వాళ్ళకి సమోసాలు పెట్టించాను.

ఆటో మా ఊరి మలుపులో దింపితే ఇంటికి నడుస్తున్నాం. మామ్మ, పిల్లలు ముందు. బుజ్జి నా పక్కకొచ్చింది.

"అన్నయ్యా, ఆ సైకిలు సీనుకి నీ పుస్తకంలో ఏం రాసేవు?"

"దోషం లేదు, అందరూ హాయిగా నవ్వుకోవచ్చు అని. ఏం, నీకు నవ్వు రాలేదా?"

"నా వెనకాల రోజూ రెండు సైకిళ్ళు వస్తన్నాయి, వంతెన దగ్గర్నుంచి ట్యూషన్ దాకా. ఒకడు బెల్లు కొడతాడు, రెండోవాడు పాడతాడు. అందుకే గట్టు మీంచి తిరిగెళ్తన్నాను. మొన్నట్నుంచి గట్టు మీదకీ వస్తన్నారు." ఎక్కాలు అప్పజెప్పినట్టే చెప్పింది, గొంతులో తేడా లేదు. "పెదనాన్నగారికి చెప్తే ట్యూషన్ మానిపించేస్తారు. ఇవాళ హాల్లో అందరూ నవ్వేరు కదా, ఆ సైకిళ్ళవాళ్ళు కూడా ఇదే సినిమా చూసుంటారు."

నాలుగడుగులు వేశాక, "నువ్వూ నవ్వేవు" అంది.

నాకు అప్పటిదాకా ప్రతి మాటకీ ఒక జోకు సిద్ధంగా ఉండేది. ఆ రోడ్డు మీద వెతుక్కుంటే ఒక్కటీ దొరకలేదు. మహారాణీవారు, కాలవ గాలి అని నేను వేసిన చాటింపు ఒకటే చెవుల్లో మోగింది.

"నేను చెప్పనా?" అన్నాను ఇంటి ముందు.

"నీ తప్పు నువ్వు చెప్పు. నా సంగతి నేను చెప్తాను" అంది.

అరుగు మీద పెదనాన్నగారు ఎదురు చూస్తున్నారు. "ఎలా ఉందమ్మా సినిమా?" అని బుజ్జిని అడిగారు. నేను ముందుకొచ్చి, "నా తీర్పు తప్పండి. పిల్లలు చూడకూడనిది వాన పాట కాదండి, సైకిలు సీను" అన్నాను. "అదేంట్రా, మొన్న హాస్యమన్నావు?" అన్నారాయన. అప్పుడు బుజ్జి మెట్టెక్కి, నాకు చెప్పిందంతా అదే గొంతుతో ఆయనకి చెప్పింది. అంతా విని ఆయన అన్న మాట మేం భయపడ్డదే.

"రేపట్నించి ట్యూషన్‌కి వెళ్ళకమ్మా. ఇంట్లోనే చదువుకుందువు గాని."

బుజ్జి తల దించుకుంది. సినిమా అంతసేపూ చెక్కుచెదరని పిల్ల కళ్ళలో అప్పుడు నీళ్ళు తిరిగాయి. లోపలినుంచి మామ్మ వచ్చింది, కాళ్ళు కడుక్కుని తడికాళ్ళతోనే.

"ఏరా, వెంటపడ్డవాళ్ళేమో సైకిళ్ళేసుకుని ఊరంతా తిరుగుతారు. తొంభై ఎనిమిది తెచ్చుకున్నదేమో ఇంట్లో కూర్చోవాలా? ఊరందరి తగువులూ ఇలాగే తీరుస్తన్నావేంట్రా?"

ఊళ్ళో పెదనాన్నగారి తీర్పు మీద అప్పీలుకి వెళ్ళగలిగిన మనిషి ఆవిడొక్కతే. ఆయన కాసేపు పడక్కుర్చీ చెయ్యి నిమిరి, "ఒరే సెన్సారూ, రేపు నీ సైకిల్లో గాలి కొట్టించు" అన్నారు.

మర్నాడు బుజ్జి వంతెన దారినే వెళ్ళింది. దాని వెనక రెండు సైకిళ్ళు. వాటి వెనక నేను, నా వెనక క్యారేజీ మీద తెల్లపంచెతో, గొడుగుతో, నిండు మనిషి మా పెదనాన్నగారు. వంతెన దిగగానే పలకరించారు. "బాబూ, కాస్త నెమ్మదిగా వెళ్ళండి, మావాడికి ఆయాసమొస్తంది." (నిజంగానే వస్తోంది.) ఆ కుర్రాళ్ళు తిరిగి చూసి వేగం పెంచారు. "చదువులెలా ఉన్నాయండీ? లెక్కలొస్తాయాండీ? ఎవరి తాలూకండీ?" ఒకడు గాభరాలో తండ్రి పేరు చెప్పేశాడు. "ఆహా! వారబ్బాయాండీ! మరి చెప్పరేం! పదండి, నాన్నగార్ని చూసి చాలా రోజులైంది!"

మా అమ్మాయిని వెంబడించిన వాళ్ళని, వాళ్ళ ఇల్లు చేరేదాకా మేం వెంబడించాం. మధ్యలో ఒక్క కటువు మాట లేదు. తండ్రి పేరు చెప్పినవాడి ఇంటి దగ్గర పెదనాన్నగారు అరుగు మీద కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, ఆ తండ్రితో అన్నారు. "మీవాడు, పక్కన ఆ రెండో అబ్బాయి, మా అమ్మాయికి రోజూ ట్యూషన్ దాకా తోడొస్తన్నారండి. మండుటెండలో పిల్లలకి ఇంత శ్రమ ఎందుకండీ అని చెప్పి వెళ్దామని వచ్చేను." ఆ తండ్రి ముఖం రంగు మారడం నేను చూశాను. "ఆయ్, ఇహ రారండి" అన్నాడాయన, కొడుకు వైపు చూస్తూ. అక్కణ్ణించి రెండోవాడి ఇల్లు. అక్కడా కాఫీ, అక్కడా అదే మాట. ఆ తర్వాత ఆ కుర్రాళ్ళు వంతెన దగ్గర కనిపించలేదు. వాళ్ళలో ఒకడు ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు పెదనాన్నగారు ఎదురైతే సైకిలు దిగి నిలబడేవాడు.

వారం తిరక్కుండా నేను రాజీనామా చేశాను. (తీసేసేవాళ్ళే, నేనే ముందు చేశాను.) సెన్సారు పదవి, పొడుగు పుస్తకంతో సహా, బుజ్జికి ఇచ్చారు. పెదనాన్నగారి మూడు ప్రశ్నలకీ నాలుగోది చేరింది. "పిల్ల వద్దన్నాక వాడు వెళ్ళిపోయాడా, వెంటపడ్డాడా?" దానికి జవాబు సరిగ్గా రాక ఆ ఏడు మా ఇంట్లో ఎన్ని పెద్ద సినిమాలు ఫెయిలయ్యాయో చెబితే ఆ నిర్మాతలు బాధపడతారు. బుజ్జి పదిలో లెక్కలకి నూటికి నూరూ తెచ్చుకుంది. ఇప్పుడు రాజోలులో అవే లెక్కలు చెబుతోంది. దాని క్లాసులో ఆడపిల్లలు ఏ దారిన వస్తున్నారో కూడా అడుగుతుందట.

మొన్న మా అమ్మాయి, దానికి పద్నాలుగేళ్ళు, ఏదో కాలేజీ సినిమా చూస్తానంటే, పాత అలవాటు చావక ముందు నేను చూసొచ్చి, అటక మీంచి ఆ పొడుగు పుస్తకం దింపాను. మా అమ్మాయి దాన్ని నా చేతిలోంచి లాక్కుని పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. దృశ్యం: సైకిలు మీద వెంటపడుట. దోషం: లేదు. తీర్పు: అందరూ హాయిగా నవ్వుకోవచ్చు. దాని మీద అడ్డంగా ఎర్ర గీత. కింద ఎర్రసిరాతో, పదో తరగతి గుండ్రటి అక్షరాల్లో, 'తప్పు. మళ్ళీ చేయుము.'

"ఇది నువ్వు రాసేవా నాన్నా?"

"పైది నేను. కిందది మీ అత్త."

రెండూ ఇంకోసారి చదువుకుని, "అత్త రాసిందే బావుంది" అంది.

"ఆయ్" అన్నాను.