సీటు మీది దస్తీ

మా ఇంట్లో బి.ఏ. పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే కావడం వల్ల, హైదరాబాదులో పది గంటలకు జరగవలసిన నా ఉద్యోగపు ఇంటర్వ్యూ మా వాడకట్టు మొత్తానికి సొంత వ్యవహారమైంది. ఇస్త్రీ బట్టలు తొడుక్కొని తెల్లవారగానే సంగారెడ్డి బస్టాండుకు చేరుకున్నాను. అవి ఫ్లూ జ్వరం దేశమంతటా తిరుగుతున్న రోజులు. మా బస్సులకన్నా అదే వేళకు చేరుతూ ఉండేది. ముక్కూ నోరూ గుడ్డతో కప్పుకోనివారిని బస్సులో తీసుకుపోరాదని సర్కారు హుకుం. అమలు చేసే భారం డ్రైవర్ల మీద పడింది.

బస్సు ఎక్కడానికి మాకొక పద్ధతి ఉంది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ విసరాలి. ఏ సీటు మీద ఎవరి చేతిరుమాలు పడితే ఆ సీటు వారిది. ఈ హక్కును తహసీల్దారు కూడా కాదనడు. ఆ ఉదయం మగవాళ్లమందరమూ యథావిధిగా విసిరాము. నాది డ్రైవరు వెనక కిటికీ పక్కన పడింది.

డ్రైవరు గడ్డం నెరిసిన సాయిబు. బస్సు దిగి కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు. మగవాళ్ల సీటుకొక దస్తీ ఉంది; బయట ఒక్క మూతి మీదా లేదు.

"సీట్లకు జరమొచ్చిందా ఏంది? మూతులకు కట్టుండ్రంటే వాటికి కప్పిండ్రు," అన్నాడు.

"దస్తీ తీస్తే సీటు పోతది సాబ్," అన్నాడు బీడీ కాలుస్తున్న ఒకాయన.

"తియ్యకుంటే బస్సే పోదు," అని డ్రైవరు ఎదురుగా ఉన్న హోటలుకు చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

ఒక్కొక్కరికి ఉన్నది ఒక్కటే దస్తీ. ముందు తీసినవాడు సీటు పోగొట్టుకుంటాడు కనుక ఎవరూ కదలలేదు. ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఎప్పుడో ఎక్కి తమకు కేటాయించిన సీట్లలో కూర్చున్నారు. "మేం మూసుకున్నం, కూసున్నం. మీరు గాడనే సూస్కుంట నిలవడుండ్రి," అంది గంపతో వచ్చిన ఒక అవ్వ.

పది గంటలు ఎవరి కోసమూ ఆగవు. నేను హోటలుకు వెళ్లి, బి.ఏ. చదివాననీ ఇంటర్వ్యూకు పోవాలనీ చెప్పి, ముఖం కప్పుకోవాలన్నది ఉత్తర్వే కాని, దానివల్ల సీటు మీద హక్కు రద్దు కాలేదని వినయంగా మనవి చేశాను.

డ్రైవరు సాసరులోని చాయ్ ఊదుకున్నాడు. "గట్లనా బీయే సాబ్? అయితే గా హుకుం కాయితమే మూతికి కట్టుకోండ్రి."

బస్సులోకి వెళ్లి నా దస్తీ తీసి కట్టుకున్నాను. అది చూసి అందరూ సీట్ల మీదికి ఎగబడ్డారు. నా ముడి బిగిసే లోపల ఒక వడ్ల వ్యాపారి నా సీటులో కూర్చున్నాడు. తలపాగా కొస అతని ముక్కు మీద, అతని దస్తీ అతని కింద ఉన్నాయి.

"నీ దస్తీ లేసింది గద బిడ్డా," అన్నాడు.

డ్రైవరు నన్ను తన పక్కన ఇంజను మీది ఇనుప మూత మీద కూర్చోబెట్టాడు. "జెర ఎచ్చగుంటది," అన్నాడు. పటాన్‌చెరు వచ్చేసరికి నేను ఉడికిపోయాను. అక్కడ తనిఖీకి బస్సు ఆపిన పోలీసు జవాను నా చెమట చూసి, "గీనకు జరమున్నది, దించు," అన్నాడు.

"జరం కాదు, ఇంజన్. కావాలంటే నువ్వొచ్చి కూసో," అన్నాడు డ్రైవరు. జవాను మూత మీద చెయ్యి వేసి, వెంటనే తీసుకొని, పొమ్మన్నాడు.

ఇంటర్వ్యూలో ముగ్గురు అధికారులూ మూతులు కట్టుకొనే ఉన్నారు. వారి ప్రశ్నలు నాకు సగం వినబడ్డాయి. నా జవాబులు వారికి అంతకన్నా తక్కువ వినబడి ఉంటాయి. గట్టిగా మాట్లాడితే జ్వరం అంటుతుందని ఎవరూ మళ్లీ చెప్పమనలేదు. ముగ్గురూ తల ఊపారు. ఆ ఉద్యోగం నాకు వచ్చింది.

సాయంత్రం తిరుగు ప్రయాణానికి అదే బస్సు దొరికింది. బజారులో కొన్న కొత్త దస్తీని కిటికీలోంచి విసిరి, పాతదాన్ని మూతికి కట్టుకొని ఎక్కాను.

డ్రైవరు రెంటినీ చూశాడు. "ఇగ అయినవు బీయే," అన్నాడు.