ఇరవై నాలుగు వోల్టుల నీలిగీత

నా కంప్యూటర్ తెర మీద కరెంటుకు రంగులుంటాయి. మోటార్లకు వెళ్ళే నాలుగు వందల పదిహేను వోల్టులది లావుపాటి ఎర్ర గీత. ప్యానెల్ లోపల స్విచ్చులను నడిపే రెండు వందల ముప్ఫైది పసుపు. మనిషి చెయ్యి తగిలే చోటికి వెళ్ళే ఇరవై నాలుగు మాత్రం సన్నటి నీలం, అదీ ముక్కలు ముక్కలుగా. రంగు పోయినా ముక్కల వల్ల తెలియాలి, అది కూడా చాలకపోతే పక్కనే వైరు నంబరు ఉంటుంది. తాడేపల్లిగూడెంలో మా ప్యానెళ్ళ షాపులో ఇదొక వేళాకోళం. "మేడమ్ గారు ముగ్గు దగ్గర కూర్చున్నారండీ, ఇప్పుడు పలకరించకండి" అంటారు మా ఓనరు గారు. నాకు ఒళ్ళు మండుతుంది. ముగ్గు తప్పితే తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు.

పోయిన వేసవికి ముందు, కొల్లేరు లంకల్లో చేపల చెరువులున్న ఒక రైతుకు ప్యానెల్ గీశాను. నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు తిరగాలి, మట్టం తగ్గితే పంపు దానంతటదే ఆడాలి. మట్టం చూసేది వైరు చివర తేలే బుడ్డిలాంటి ఫ్లోటు. దానికి నాచు పట్టి బరువెక్కుతుంది. ఎవరో ఒకరు నడుములోతు నీళ్ళలో దిగి చేత్తో తుడవాలి. ఆ చేతిని తలుచుకునే ఫ్లోటు వైరుకు ఇరవై నాలుగు వోల్టులు పెట్టాను, కరెంటును అంతకు తగ్గించే చిన్న పెట్టెతో సహా.

వానలు మొదలయ్యాక ఆ రైతు సంతోషంగా ఫోన్ చేశాడు.

"మీ డ్రాయింగు బంగారమండీ మేడమ్ గారూ! దాన్ని చూసే రెండో చెరువుకి ఇక్కడి వైర్‌మేన్ చేత కట్టించేశానండి. ఆ చిన్న పెట్టి కూడా అక్కర్లేకుండా నడిచిపోతందండి."

"పెట్టె లేకుండానా?"

"ఆయ్. భేషుగ్గా నడుస్తందండి."

భేషుగ్గా నడుస్తోందంటే ఫ్లోటులోకి రెండు వందల ముప్ఫై వెళుతోందన్నమాట. వెంటనే మెయిను ఆపించమన్నాను. "అలాగేనండీ" అన్నాడు. మా వైపు ఆ మాటకు వినబడిందని అర్థం, చేస్తారని కాదు. షాపుకు సెలవు పెట్టి ఏలూరు వచ్చి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాను.

ఆకాశం మూసుకుపోయి ఉంది. చుక్క వాన లేదు, ఆకు కదలడం లేదు. దారి పొడుగునా గట్ల మీద ప్యానెల్ డబ్బాలు, వాటి వెనక ఏరేటర్ల హోరు. ఎప్పుడూ చూసేవే అయినా ఆ రోజు వాటివైపు చూడబుద్ధి కాలేదు.

నేను ఆ రెండో చెరువు దగ్గరికి వెళ్ళేసరికి కాపలా మనిషి భార్య నీళ్ళలో ఉంది. ఫ్లోటు ఆమెకు చేతికందేంత దూరంలో ఉంది.

"ముట్టుకోకమ్మా!" అని అరుస్తూ పరుగెత్తి మెయిను కిందికి లాగేశాను. హోరు ఆగిపోయింది.

రైతు గాబరాగా వచ్చాడు. "అలా ఆపేస్తే చేప తేలిపోద్దండి!"

"తేలితే మళ్ళీ పిల్ల వేసుకుందురు గాని. ముందు ఆ ఫ్లోటు వైరు పీకించండి."

ప్యానెల్ తలుపు లోపల అంటించిన కాగితం చూశాను. నా డ్రాయింగే. కాపీకి కాపీ తీయగా తీయగా ఎరుపు, పసుపు, నీలం ఒకే నలుపైపోయాయి. నీలిగీత ముక్కలు అలుక్కుపోయి ఒక్క గీతలా కలిసిపోయాయి. నంబరు ఉండాల్సిన చోట మరక ఉంది. పాపం, వైర్‌మేన్ తనకు కనబడినట్టే కట్టాడు.

ఆమె గట్టెక్కి చీర కొంగు పిండుకుంటోంది. "నాలుగు రోజుల్నించీ చెయ్యి జిల్లుమంటందండి. వాన నీళ్ళు కదా, చల్లదనమేమో అనుకున్నానండి."

ఫ్లోటు బయటికి తీసి చూస్తే, ముడి దగ్గర వైరు తొడుగు చిట్లి ఉంది. రైతు ఆ వైరును తనే పీకి గట్టు మీద పడేశాడు.

"నేనిచ్చింది రంగుల కాగితం కదండీ. అదేమైంది?" అన్నాను.

"పక్క చెరువాయన అడిగితే ఇచ్చానండి. ఆయన జెరాక్స్ తీయించుకుని ఇంకొకాయనకి ఇచ్చాడండి, ఆయన మరొకాయనకి. మంచి డ్రాయింగు కదండీ, లేదనలేం కదా. నాకు మళ్ళీ కావాల్సొచ్చేసరికి అసల్ది ఎవరి దగ్గరుందో తెలీక, ఆకివీడు నుంచి ఈ కాపీ తెప్పించుకున్నానండి."

అది అంత దూరం తిరిగి వచ్చిందన్నమాట. దారిలో ఎన్ని చెరువుల దగ్గర ఆగిందో ఆయనకూ తెలియదు. నాకు నిజంగా భయం వేసింది.

తిరుగు ప్రయాణంలో రైతును కూడా ఆటో ఎక్కించుకున్నాను. ఆ కాగితం చేరినవాళ్ళలో ఆయనకు తెలిసినవాళ్ళందరికీ స్పీకర్ పెట్టి ఫోన్ చేయించాను. ఫ్లోటు వైరు పీకేయమంటే ప్రతి ఒక్కరూ ఎంతో మర్యాదగా "అలాగేనండీ" అన్నారు. నేను తల పట్టుకున్నాను.

మలుపు తిరిగాక, రెండు చెరువుల అవతల, ఎవరో నడుములోతు నీళ్ళలో నిలబడి ఫ్లోటు వైపు వంగుతున్నారు. ఆ చెరువు ఎవరిదో రైతుకు తెలియదు. ఆటో ఆపించి, దిగి గట్టు మీదికెక్కి గొంతు చించుకుని అరిచాను.

ఏరేటర్ల హోరులో ఆ మనిషికి వినబడలేదు. చెయ్యి చాపాడు.