పళ్ల టైర్లు ఎవరికి ఇచ్చినారంటే

దిమాపూరులో రైలు దిగినప్పుడు ఒకటే వాన. జపానువాళ్ళతో యుద్ధం జరుగుతా ఉండింది. మేము మిలిటరీ లారీ డ్రైవర్లం. కొండల మీద ఉన్న దండుకు బియ్యం, గుండ్లు చేర్చాల. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ, నడుమ ఒక్క బండి పట్టే దారి.

నా ముందుబండి నడిపినోడు మా రాజపాళయంవాడే. యుద్ధానికి ముందు పత్తి జిన్నింగు మిల్లులో నేను లారీ డ్రైవరు, అతను నా క్లీనరు. స్టీరింగు పట్టడం నేర్పించింది నేనే.

మొదటి వారంలోనే కొత్త టైర్లు వచ్చినాయి. ఎక్కువగా గీతల టైర్లు. రాతిరోడ్డుకు అవి మేలు, తొందరగా వేడెక్కవు, అరగవు. బురదను కరిచి పట్టేవి లోతు పళ్ళున్న టైర్లు. అవి ఒక్క బండికి సరిపోయేటన్నే ఉండినాయి. హవల్దారు వాటిని ముందుబండికి ఇచ్చినాడు. ఇతనికి పని నేర్పించింది నేను కదా అని పోయి అడిగినాను. హవల్దారు తల ఎత్తకుండానే చెప్పినాడు.

"బండి దిగబడితే నువ్వు యాక్సిలరేటరు తొక్కి ఇంకా లోతుకు దించుతావు. అతను కాలు తీస్తాడు."

కడుపు మండిపోయింది. ఆ పొద్దు అతనితో కలిసి తినలేదు.

అప్పట్నుంచి బురదదారి అతనిది, రాతిరోడ్డు నాది. అతను గాయపడినవాళ్ళను దించుకొని వస్తాడు. నేను బియ్యం మూటలు మోస్తాను. డాక్టరు అతన్ని పేరు పెట్టి పిలుస్తాడు, నన్ను బండి నంబరుతో. అతని బండి వస్తే అందరూ టీ మగ్గులతో ఎదురు పోతారు. నేను బానెట్టు ఎత్తి ఏదో పని ఉన్నట్టు నిలబడతాను.

ఒకసారి రోడ్డు అంచు బురదలో నా బండి దిగబడింది. అతనే వచ్చి, చైను కట్టి లాగినాడు.

"అన్నా, ఈ టైర్లు నువ్వు తీసుకో. హవల్దారుకు నేను చెప్తా."

"నీ దానం నాకొద్దు" అన్నాను.

అతను చైను చుట్టుకొని పోయినాడు.

వాన వదలని ఒక మధ్యాహ్నం రేడియోలో పిలుపు వచ్చింది. పైన మనుషులకు గాయాలు, పళ్ల టైర్ల బండి మాత్రమే పంపండి అని. అతను పోయినాడు. సాయంత్రానికి వాన నిలిచింది, చీకటి పడినా అతను రాలేదు. తెల్లారి పారలవాళ్ళతో నన్ను పంపినారు. మలుపు దగ్గర కొండ విరిగి పడి ఉండింది. బండి కింద లోయలో ఉండింది. అతను బతకలేదు.

యుద్ధం అయినాక ఊరికి వచ్చినాను. మొదట అతని ఇంటికే పోయినాను. అతని భార్య నీళ్ళు ఇచ్చి, నేను తాగేవరకు ఆగి అడిగింది.

"ఆయనకు మంచి బండే ఇచ్చినారా అన్నా?"

"అందరికన్నా మంచి టైర్లు అతనికే ఇచ్చినారమ్మా."

ఆ మాట చెప్పేటప్పుడు కూడా నాలో మంట చల్లారలేదు. ఆమె కళ్ళు తుడుచుకొని, కొంచెం నవ్వింది.

మళ్ళీ మిల్లు లారీ ఎక్కినాను. ఏ దారికి ఏ టైరో ఇప్పుడు నన్నే అడుగుతారు. చోళపురం చేలదారికి పళ్లవి, మధురై రోడ్డుకు గీతలవి అని చెప్తాను. కానీ కొత్త టైరు మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ తెల్లారి పొద్దే కనిపిస్తుంది. ఎర్ర బురదలో అతని టైర్ల అచ్చులు. ఒక్క చోటా జారకుండా, లోయవైపు జానెడు కూడా ఒరగకుండా, మలుపు వరకు.

అంత తిన్నగా నేను ఎన్నడూ నడపలేదు.