నోటితో పనిలేని పరీక్ష

పిన్ని పోయిందన్న కబురు ఆవిడ నడిపించిన మనిషే తెచ్చాడు. గతవారం పొద్దున్నే సోనారిలో మా ఇంటి మలుపు దగ్గర ఆటో దిగి, కర్ర పొడుచుకుంటూ వస్తున్నాడు. ఒకప్పుడు పక్షవాతంతో మంచం పట్టి, పిన్ని చేతిలో పడి లేచినవాడు. గుమ్మంలో ఉన్న అమ్మ ఆయన మొహం చూడలేదు, కాళ్లు చూసింది. "పాదం బాగానే లేత్తందే!" అని సంబరపడింది. ఆ చూపు మా అందరికీ పిన్ని అంటించిందే. ఆయన గేటు పట్టుకుని ఏడ్చాక గానీ మేం మొహం వైపు చూడలేదు.

పిన్ని అంటున్నాను గానీ చుట్టరికం ఏమీ లేదు. సోనారికి రాకముందు భాలుబాసా పేటలో ఉన్నప్పుడు వాళ్లకీ మాకూ మధ్య ఒక్కటే గోడ. ఆవిడ ఆస్పత్రిలో పక్షవాతం వార్డు సిస్టరు. బాబాయీ నాన్నా ఉక్కు కర్మాగారంలో ఒకే షాపులో పనిచేసేవారు. నాన్న పైన కూర్చుని క్రేను నడిపేవాడు. బాబాయి కింద ఖలాసీ, అంటే ఏ సరుకు ఎత్తాలో ఎక్కడ దించాలో చేతి సైగలతో చెప్పేవాడు. ఆ రొదలో నోటిమాట ఎవరికి వినపడుతుంది?

పేటలో పిన్ని పరీక్షకి దొరకనివాళ్లు లేరు. ఎవరింటికెళ్లినా ముందు గుమ్మంలో చెప్పులు చూసేది. ఒక చెప్పు మాత్రమే ముందువైపు అరిగి ఉంటే ఆ కాలు ఈడుస్తున్నారన్నమాట, ఆ చెప్పు ఎవరిదో తేలేదాకా కాఫీ ముట్టేది కాదు. పలకరింపుగా రెండు చేతులూ పట్టుకుని, "నొక్కు, ఇంకా గట్టిగా నొక్కు" అనేది. నేను లెక్కల పరీక్ష తప్పి ఏడుస్తున్న రోజున బీరువా తాళంచెవితో నా అరికాలు గీసింది. బొటనవేలు కిందకి ముడుచుకోగానే, "నీ బుర్ర బాగానే ఉందే, ఎందుకేడుత్తావు?" అంది. నా బుర్రకి అంత నమ్మకంగా సర్టిఫికెట్టు ఇచ్చినవాళ్లు మరి లేరు.

వాళ్లింట్లో భోజనాల వేళ చూడాలి. బాబాయి షాపు అలవాటు ఇంట్లోనూ మానేవాడు కాదు. చారు కావాలంటే చూపుడువేలు కిందకి చూపించి తిప్పేవాడు. అంటే దించు అని, వాళ్ల భాషలో "ఆరియా". వేలు పైకి పెట్టి తిప్పితే "హాబిస్", గిన్నె ఎత్తెయ్యమని.

"ఏటయ్యా, నీకు నోరు నేదేటి? నాను క్రేనునా?" అని పిన్ని కసిరేది. కసురుతూనే చారు పోసేది.

నేను మెట్రిక్ చదువుతున్న ఏడు నాన్న పడిపోయాడు. కుడిచెయ్యీ కుడికాలూ పనిచెయ్యలేదు, మాట పోయింది. డాక్టరుగారు హిందీలో కళ్లు మూసుకోమన్నారు, నాలిక చూపించమన్నారు. పిన్ని తెలుగులో అడిగింది. నాన్న రెండిటికీ ఒకేలా చూస్తూ ఉండిపోయాడు. చెప్పింది బోధపడటం లేదని కాగితం మీద రాశారు. బోధపడని మనిషికి కసరత్తు నేర్పడం కష్టం, ఇంటికి తీసుకెళ్లమన్నారు. డాక్టరుగారిని తప్పుపట్టను, ఆయన చూసిందే ఆయన రాశారు.

ఊరినుంచి వచ్చిన పెదనాన్న మంచం పక్కనే నిలబడి, "శ్రీకాకుళం తీసుకుపోదాం. మనిషి లేనట్టే గదా, ఓ మూల మంచమేసి ఇంత గంజి పోద్దాం" అన్నాడు. అమ్మ బట్టలు మూట కట్టడం మొదలెట్టింది. ఆ మాట నాన్నకి అర్థమయి ఉంటే ఎలాగా అని నాకు భయం వేసింది. అర్థం కాకపోయి ఉంటే అన్నది అంతకంటే పెద్ద భయం.

అప్పుడు షిఫ్టు దిగి బాబాయి వచ్చాడు. ఏం మాట్లాడాలో తెలీక, రోజూ పొద్దున్న షాపులో చేసినట్టే మంచం కాళ్లవైపు నిలబడి వేలు పైకెత్తి తిప్పాడు. దుప్పటి మీద నాన్న ఎడమచెయ్యి పిడికిలి బిగించి వెనక్కి లాగింది.

"ఆగు!" అని పిన్ని అరిచింది. "మళ్ళీ సెయ్యి."

"ఏటి సెయ్యమంటావే?"

"ఆ సైగే. మరింక దించు."

బాబాయి వేలు కిందకి తిప్పాడు. పిడికిలి ముందుకి వెళ్లింది. అరచెయ్యి అడ్డంగా పెట్టి ఆపమన్నాడు. పిడికిలి ఆగిపోయింది. పిన్ని పరిగెత్తుకెళ్లి డాక్టరుగారిని లాక్కొచ్చింది. చూసింది చూసినట్టు చేస్తున్నాడేమో అని ఆయన అనుమానం.

"నకల్ నహీ హై సర్!" అంది పిన్ని. "నకల్ కర్తా తో ఉంగ్లీ ఘుమాతా!"

నిజమే. అనుకరించేవాడైతే వేలు తిప్పాలి. నాన్న క్రేను హ్యాండిలు పట్టుకున్నట్టు లాగుతున్నాడు, తోస్తున్నాడు. డాక్టరుగారు మూడుసార్లు చేయించి చూసి, నవ్వుతూ కాగితం మీది ముక్క కొట్టేసి మళ్లీ రాశారు. నేను వార్డులో అందరిముందూ భోరుమన్నాను.

పిన్ని అక్కడితో వదిలిందా! బాబాయిని కుడిపక్క నిలబెట్టి సైగ చేయించింది. నాన్న కదల్లేదు. ఎడమపక్కకి జరపగానే క్రేను నడిచింది. మర్నాడు అమ్మ, "నా వంకాయకూర ముట్టుకోకుండా వొదిలేత్తన్నారే" అని చిన్నబుచ్చుకుంటే పిన్ని పకపకా నవ్వింది.

"కూర మీద కోపం కాదక్కా. బావకి కుడిపక్క కనపడ్డం నేదు. కంచం తిప్పు."

అమ్మ కంచం తిప్పింది. నాన్న వంకాయకూర ఊడ్చేశాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా మొండికేస్తే, తిట్టేముందు "కంచం తిప్పి చూడు" అంటాం.

పెదనాన్న ఒక్కడే రైలెక్కాడు. నెల తిరిగాక ఓ సాయంత్రం పిన్ని నాన్న కుడికాలు పట్టుకుని లేపుతోంది. పట్టుదలలో కాస్త ఎక్కువే లేపింది. నాన్న మొహం చిట్లించి, "ఆరియా!" అని అరిచాడు. జబ్బుచేశాక నాన్న నోటివెంట వచ్చిన మొదటి మాట అది. పిన్ని ఆ కాలు దించకుండానే వార్డంతా వినపడేలా బాబాయిని కేకేసింది.

ఆ కబురు విని భాలుబాసా వెళ్లేసరికి ఆవిణ్ణి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. మోసేవాళ్లు నలుగురూ వంగి, ఎత్తమనే సైగ కోసం బాబాయి వైపు చూశారు. బాబాయి చేతులు లేవలేదు. నాన్న తన కర్ర నాకిచ్చాడు. కుడివైపు నామీద ఆనుకుని, ఎడమచెయ్యి పైకెత్తి చూపుడువేలు తిప్పాడు. నాన్న ఉద్యోగమంతా ఆ సైగ అందుకున్నవాడే, ఒక్కరోజు కూడా ఇచ్చినవాడు కాదు. వాళ్లు పిన్నిని లేపారు. వీధిమెట్టు దగ్గర వేలు కిందకి పెట్టి మెల్లిగా తిప్పాడు. వాళ్లు జాగ్రత్తగా దించుకుని మెట్టు దాటారు.

ఇక మిగిలింది ఆపమనే సైగ. వాళ్లు వీధి మలుపు తిరిగిపోయినా నాన్న ఆ సైగ మాత్రం చెయ్యలేదు.